ఏడో కొక్కేనికి ఏ మాట

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ మాత్రం కీడెంచడం దగ్గరే ఆగిపోతుంది. మేలెంచే వంతు వచ్చేసరికి ఇంకో కీడు గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఉంటుంది. లారీ మీద వెళ్ళిన మొగుడు రెండుసార్లు ఫోను ఎత్తలేదంటే లారీ లోయలో పడ్డట్టే. ఇంట్లో ఏదో వాసన వస్తే గ్యాసు కారుతున్నట్టే, ఏ వాసనా రాకపోతే తనకు ముక్కు పనిచెయ్యడం మానేసినట్టే. అలాంటి మనిషికి ఏరికోరి ఎలాంటి కూతురు పుట్టిందయ్యా అంటే, పద్దెనిమిది అంతస్తుల మేడ పైనుంచి తాడుకు వేలాడుతూ అద్దాలు తుడిచే కూతురు.

రెండేళ్ళుగా అదే పని. పిల్ల పొద్దున్నే నడుముకు పట్టాలు బిగించుకుని తాడు దిగుతుంది. సరిగ్గా అదే సమయానికి తల్లి సంచుల దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. కాలు మిషను తొక్కుతూ ఉంటుంది, ప్రాణం మాత్రం ఆ తాడు పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. సాయంత్రం మెట్ల మీద కూతురి అడుగుల చప్పుడు వినబడ్డాకే ఆవిడ ఆ రోజు మొదటి గుక్క మంచినీళ్ళు రుచి తెలిసి తాగుతుంది.

ఒక సోమవారం సాయంత్రం కూతురు వస్తూనే, "అమ్మా, కొక్కేల పని ఒకటి ఖాళీ అయిందే," అంది.

"ఎవరు పడ్డారు?" అంది తల్లి, చేతిలో గిన్నె జారవిడుస్తూ.

"ఎవరూ పడలేదు తల్లీ! చూసే ఆయన రిటైరయ్యాడు."

సంగతేమిటంటే, తాళ్ళన్నీ కట్టేది మేడ పైకప్పు మీద, అంచు వెంబడి కాంక్రీటులో నాటిన ఇనప కొక్కేలకు. ఆ కొక్కేలు గట్టిగా ఉన్నాయో లేవో చూసి, కాయితం మీద రాసి సంతకం పెట్టే మనిషి ఒకరుంటారు. ఆ సంతకం చూసుకునే మిగతావాళ్ళు తాళ్ళు దిగుతారు. ఆ పని దొరికిందంటే ఇక తాడు మొహం చూడక్కర్లేదు. పైకప్పు మీద రెండు కాళ్ళ మీద మనిషిలా నిలబడి తిరగొచ్చు. పరీక్ష గురువారం. అది పోతే మళ్ళీ ఆరు నెలలకే.

ఆరు నెలలంటే ఎన్ని తాళ్ళో ఆవిడ అప్పుడే లెక్క మొదలుపెట్టింది. రోజుకు నాలుగు దిగుళ్ళు. వారానికి ఆరు రోజులు. లెక్క పూర్తి కాకముందే వేళ్ళు మడవడం ఆపేసింది.

"పరీక్షలో ఏముంటుంది?"

"పది కొక్కేలు చూపిస్తారు. ఒక్కోదానికీ ఎదురుగా ఒక ఇంగ్లీషు మాట రాయాలి. ఆరు మాటలు ఇచ్చారు, వాటిల్లోంచే. నెగ్గినవాళ్ళ కాయితం చూసే మర్నాటినుంచి తాళ్ళు కడతారు." కూతురు జేబులోంచి నలిగిన కాయితం తీసింది. "లూజ్, టైట్, ఫిక్స్‌డ్, ఎంబెడెడ్, జామ్డ్, సెక్యూర్. నాకైతే అన్నీ టైటే."

అదీ నిజమే. ఆ పిల్లకు ఇంగ్లీషంతా ఒక్క మాటలో సరిపోతుంది. బూటు టైటు, బస్సు టైటు, తలనొప్పొస్తే తల టైటు, మేస్త్రీ తిడితే ఆయన టైటు.

మర్నాడు తెల్లారగానే తల్లి ఆ కాయితం పట్టుకుని కింది వాటాలో ఉండే టీచరమ్మ దగ్గరికి దిగింది. ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి ఆవిడ. ఇప్పుడు చెప్పించుకునేవాళ్ళు లేక పిల్లికి చెబుతోందని వీధిలో చెప్పుకుంటారు. ఆరు మాటలూ చూడగానే కళ్ళజోడు పెట్టుకుని, ఇటుకంత నిఘంటువు ఒళ్ళోకి లాక్కుంది.

"మొదటిది పక్కన పెట్టు. మిగతా అయిదూ ఒకే తానులో ముక్కలమ్మాయ్. కదలకుండా గట్టిగా ఉందనే అర్థం."

"మరి ఒకే అర్థమైతే అయిదెందుకండీ? ఒకటి చాలదా?"

"నీకు సూది ఒకటే చాలుతుందా? సంచికొకటి, చొక్కాకొకటి లేవూ? ఇదీ అంతే. గోడకు బిగించిన అలమర ఉందనుకో, ఫిక్స్‌డ్. అరికాల్లో లోతుగా దిగిన ముల్లు, ఎంబెడెడ్. వానకు ఉబ్బి తెరుచుకోని తలుపు, జామ్డ్. బిర్రుగా బిగిసిన సీసా మూత, టైట్."

"ఆ చివరిదండీ?"

టీచరమ్మ వేలితో పుటంతా తడిమింది. "సెక్యూర్. ఊడుతుందన్న భయం లేకుండా, నిశ్చింతగా నమ్మదగినట్టు బిగిసి ఉన్నది."

"నిశ్చింతగానా? ఆ మాట నిజంగా అందులో రాసుందా?" తల్లి పుస్తకంలోకి తొంగిచూసింది. తన బతుకులో ఎన్నడూ ఎదురుపడని చుట్టాన్ని చూసినట్టు చూసింది.

"ఉంది. నీ భయానికి కూడా ఒక మాటుంది, విను. ఎన్‌ట్రెంచ్డ్. కందకం తవ్వుకుని కూర్చున్నదని. కదిలించడం ఎవరి తరమూ కాదు."

"అది పరీక్షలో వస్తుందాండీ?"

"రాదు."

"అయితే వద్దు లెండి," అని కాయితం మడిచేసింది.

ఆ సాయంత్రం నుంచి ఇల్లంతా బడి అయిపోయింది. కూతురు ఎటు నడిస్తే తల్లి అటే నడిచేది. అలమర? ఫిక్స్‌డ్. గోడలో మేకు? ఎంబెడెడ్. కిటికీ గడియ? లూజ్. అది విని తల్లి పాఠం ఆపేసి గడియ బిగించడానికి మేస్త్రీని పిలవాలని పట్టుబట్టింది.

"మీ నాన్న?" అంది కాసేపయ్యాక, ఇంకో వస్తువు తోచక.

"ట్రాఫిక్కులో జామ్డ్," అంది కూతురు.

నవ్వు వచ్చింది గానీ, జామ్డ్ అనగానే లారీ దేనికిందో ఇరుక్కుపోయినట్టు కళ్ళ ముందు మెదిలి, వెళ్ళి ఫోను చేసి వచ్చింది.

బుధవారం పొద్దున్న కూతురు నోటికి అన్నీ వచ్చేశాయి. ఒక్కటే సందేహం మిగిలింది. "సెక్యూర్ అని ఊరికే రాయకూడదటమ్మా. చూస్తే చాలదు. జాకీ పెట్టి కొక్కేన్ని లాగాలి, జాకీ మీటరులో ముల్లు గీత దాటాలి, అప్పటికీ కదలకపోతేనే ఆ మాట. టైం మాత్రం చాలా తక్కువ. లాగడానికి కుదరకపోతే ఏం రాయాలో అర్థం కావట్లేదు."

ఫారాలు నింపే విషయంలో ఆవిడకు ఒక సిద్ధాంతం ఉంది. ఎవరే కాయితం ఇచ్చినా మంచి మాటే రాయాలి. ఆరోగ్యం ఎలా ఉంది అంటే బాగుంది. ఇల్లు ఎలా ఉంది అంటే బాగుంది. లోటు రాశామా, పైవాళ్ళు మనల్ని పేరు పెట్టి పిలుస్తారు, ఇక అక్కడినుంచి తిప్పలే. నలభై ఏళ్ళుగా ఆ సిద్ధాంతంతోనే ఒడ్డెక్కుతూ వచ్చింది.

"అనుమానం వస్తే సెక్యూరే రాసెయ్," అంది. "మంచి మాట రాస్తే ఎవరికి కోపం? ఖాళీ మాత్రం వదలకు. ఖాళీ చూస్తే వాళ్ళకు మండుతుంది."

"నిజంగానా?"

"నీకంటే రెండు ఫారాలు ఎక్కువే నింపానులే."

గురువారం కూతురు వెళ్ళింది. తొమ్మిదింటికి పరీక్ష, అయ్యాక మధ్యాహ్నం ఎప్పటిలాగే తాడు పని. తల్లి దుకాణానికి వెళ్ళింది గానీ మిషను మీద కాలు నిలవలేదు. దారం మూడుసార్లు తెగింది. పక్కన జిప్పులు కుట్టే ఆవిడను అందరూ జిప్పులక్క అంటారు. ఆవిడ ఓరగా చూసి, "పరీక్ష పిల్లకా, నీకా?" అంది.

ఆ రోజు బడిపిల్లల సంచులు రెండు వందలు పన్నెండింటికల్లా బండెక్కాలి. ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. సంచి కుట్టడం అయ్యాక దాని అడుగున కాలు పెట్టి తొక్కి, భుజాల పట్టీని రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగాలి. పటపటమనకుండా నిలిస్తేనే లోపల చిన్న ఆకుపచ్చ చీటీ కుట్టాలి. చీటీ ఉందంటే సంచిని ఎవరో లాగి చూశారని అర్థం.

పదిన్నరకు యజమాని చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "అమ్మా, బండి తొందరగా వస్తుందట. ముందు చీటీలు కుట్టెయ్యండి. లాగడం గీగడం టైముంటే చూసుకుందాం."

"లాగకుండా చీటీ ఎలా కుడతానండీ?" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

"మీ కుట్టు సంగతి నాకు తెలీదా? రాయిలా ఉంటుంది."

"ఉంటుందనుకోండి. లాగి చూడలేదుగా! రేపు ఏ పిల్లకో రోడ్డు మధ్యలో పట్టీ తెగిందనుకోండి. పుస్తకాలు ఏరుకుందామని వంగుతుంది. అప్పుడే వెనకనుంచి బస్సు..."

"వచ్చేసిందమ్మా బస్సు," అంది జిప్పులక్క. "ఈవిడ చెప్పే ఏ కథలోనైనా చివరికి బస్సు రావలసిందే."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చీటీ చూసి సంచి తగిలించుకునే పిల్ల కళ్ళ ముందు కదిలింది. ఆ వెనకే కాయితం మీద సంతకం చూసి తాడు కట్టుకుని దిగే పిల్లలు, ఒకరి వెనక ఒకరు. వాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట మిషను తొక్కుతూనో, గిన్నెలు తోముతూనో ఒక తల్లి ఉంటుంది. ఆ తల్లి కూడా మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చూస్తూ ఉంటుంది.

"అయ్యో, నేనేం చెప్పి పంపానే దానికి!" అంది పైకే.

ఫోను చేస్తే కట్టేసి ఉంది. పరీక్షలో ఫోన్లు తీసుకుంటారని పిల్ల ముందే చెప్పింది. ఆవిడ లేచి, భుజం మీద దారప్పోగులు దులుపుకోకుండానే గుమ్మం దాటింది. వెనకనుంచి యజమాని పిలుస్తున్నాడు. "నీ వంతు నేను లాగుతాలే, పో!" అని జిప్పులక్క అరుస్తోంది. బస్సు వచ్చేదాకా నిలబడే ఓపిక లేక సగం దూరం పరుగెత్తింది. మిగతా సగం బస్సులో కూడా నిలబడే ఉంది, కూర్చుంటే ఆలస్యమవుతుందన్నట్టు.

అద్దాల మేడ దగ్గర గేటు కాపలా ఆయన అడ్డం వచ్చాడు. "ఎవరికోసమమ్మా?"

"పైన పరీక్ష జరుగుతోందే, ఆ పిల్ల తల్లిని. ఒక్క మాట చెప్పి వచ్చేస్తా బాబూ."

"పరీక్షలో మాట చెప్పకూడదండీ, కాపీ అంటారు."

"కాపీ కాదయ్యా, నేనే తప్పు చెప్పి పంపాను!"

ఆవిడ మొహం చూస్తే ఆయనకు ఏమనిపించిందో ఏమో, లిఫ్టు వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక లిఫ్టెక్కలేదు. తీగ తెగుతుందని భయం. ఇప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కింది. పద్దెనిమిది అంతస్తులూ ఊపిరి బిగబట్టే ఉంది.

పైకప్పు తలుపు తీయగానే గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, దాని వెంబడి వరసగా ముక్కుపుడకల్లా మెరుస్తున్న కొక్కేలు. మధ్యలో బల్ల వేసుకుని, కళ్ళజోడు తాడుతో మెడకు కట్టుకున్న పరీక్షాధికారి టీ తాగుతున్నాడు. నలుగురు పరీక్ష రాసేవాళ్ళు నీడలో కూర్చుని ఉన్నారు. రాయడం అయిపోయింది, కాయితాలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. సంతకాలు పెట్టి ఇచ్చేముందు పది నిమిషాలు విరామం.

తల్లిని చూడగానే కూతురు పరుగున వచ్చింది. "నాన్నకేమైనా అయిందా?"

"మీ నాన్న లక్షణంగా ఉన్నాడు. అన్నీ లాగావా?"

"ఏంటి?"

"కొక్కేలే! పదీ లాగావా?"

కూతురు వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "తొమ్మిది లాగాను. ఏడోది ఆ ఏసీ యంత్రం వెనకుంది. జాకీ కాళ్ళు పట్టలేదు. పొట్టి కాళ్ళ జాకీ కింద స్టోరులో ఉందట, తెప్పించుకునేసరికి టైమయిపోయేలా ఉంది. చూశాను, బాగానే ఉంది. పగులు లేదు, తుప్పు లేదు."

"ఏం రాశావు?"

"నువ్వు చెప్పిందే. సెక్యూర్."

"కొట్టెయ్."

"అమ్మా!"

"కొట్టేసి, లాగలేదని చెప్పు."

"పది గళ్ళూ నిండకపోతే కాయితం తీసుకోరు. నిండా ఆరు నెలలు! నువ్వేగా ఖాళీ వదలొద్దన్నది? రెండేళ్ళుగా తాడు మానెయ్, తాడు మానెయ్ అని నా ప్రాణం తోడేసింది నువ్వేగా?"

అవును, తనే. తల్లి ఆ కాయితం వైపు చూసింది. తొమ్మిది మాటల మధ్య ఆ ఏడోది కూడా మిగతావాటిలాగే గుండ్రంగా, ముద్దుగా ఉంది. దాన్ని అలా వదిలేస్తే చాలు, రేపటినుంచి పిల్ల రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. పగులు లేదంటోంది, తుప్పు లేదంటోంది. వందకు తొంభై తొమ్మిది పాళ్ళు అది గట్టిగానే ఉండి ఉంటుంది. ఈ ఒక్కసారికి నోరు మూసుకుంటే ఏం పోయింది? బల్ల దగ్గర పరీక్షాధికారి టీ గ్లాసు కింద పెట్టి, "తీసుకురండమ్మా, తీసుకురండి," అంటున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గోతిలో తన పిల్ల, నూతిలో ఎవరి పిల్లో.

"దానికి రేపు ఎవరు కట్టుకుంటారు తాడు?" అంది చివరికి.

కూతురు ఏసీ యంత్రం వైపు తిరిగి చూసింది. తాడు పని చేసేవాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురితోనూ ఒకే బకెట్టులో సబ్బునీళ్ళు కలుపుకునే పిల్ల.

"నాకు మాత్రం నువ్వు దిగడం ఇష్టమా?" అంది తల్లి. "అయినా కొట్టెయ్యవే."

కూతురు పెన్ను తీసి, గోడకు కాయితం ఆనించి ఒక్క గీత గీసింది. ఆ కోపానికి కాయితం చిరిగింది. విసురుగా వెళ్ళి బల్ల మీద పెట్టింది.

పరీక్షాధికారి కళ్ళజోడు ముక్కు మీదికి ఎత్తుకున్నాడు. "ఏడు ఎందుకు కొట్టేశావు?"

"లాగలేదు సార్."

"మరి ఇంకో మాట రాయకపోయావా? ఫిక్స్‌డ్ అను, ఎంబెడెడ్ అను. చూసి రాసే మాటలేగా అవి."

"ఏ మాట రాసినా కింద సంతకం చూసి తాడు కట్టేస్తారు సార్. మాట ఎవరు చదువుతారు?"

ఆయన ఆ చిరుగును వేలితో సరిచేశాడు. "నువ్వన్నది నిజమే గానీ, తొమ్మిది గళ్ళ కాయితం నేను తీసుకోవడానికి లేదు. మళ్ళీసారి రా," అన్నాడు మెల్లగా. తర్వాత ఫోనందుకుని స్టోరునుంచి పొట్టి కాళ్ళ జాకీ తెప్పించమన్నాడు.

అది వచ్చింది. ఏసీ యంత్రం వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఏడో కొక్కేనికి తగిలించి ఆయనే పిడి తిప్పాడు. అందరూ చుట్టూ మూగారు. ముల్లు పాకింది, గీత తాకింది, గీత దాటింది. కొక్కెం ఈగ వాలినంత కూడా కదల్లేదు.

"సెక్యూర్," అన్నాడు పరీక్షాధికారి.

పరీక్ష రాసినవాళ్ళలో ఒక బట్టతలాయన పకపకా నవ్వాడు. "రాసేసుంటే పోయేదిగా చెల్లెమ్మా! ఇప్పుడు చూడు, నీ కష్టం అటూ పోయింది, ఇటూ పోయింది."

కూతురు తల్లిని తోసుకుంటూ మెట్ల గదిలోకి పోయింది. ఆవిడ వెనకే వెళ్ళింది.

"గట్టిగానే ఉందిగా! చూశావుగా! రాయి!" కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎప్పుడూ ఇంతేనమ్మా నువ్వు. జరగనిదాన్ని జరిగినట్టు ఊహించుకుని అందర్నీ చంపుతావు."

"చంపుతాను," అంది తల్లి. తన భయం ఈసారి కూడా తప్పే అయింది. అయినా ఆ గీత మాత్రం తప్పని ఆవిడకు అనిపించడం లేదు. అది ఎలా చెప్పాలో ఆవిడకు తెలియదు. టీచరమ్మ పుస్తకంలో దీనికేమైనా మాట ఉందేమో.

"అది గట్టిగా ఉందని నీకిప్పుడు తెలిసింది. రాసినప్పుడు తెలీదు," అంది చివరికి. "ఇంతకంటే నాకు చెప్పడం చేతకాదే."

కూతురు ముక్కు ఎగబీల్చి మొహం తుడుచుకుంది. కాసేపటికి గోడకు వేలాడుతున్న పట్టాలు తీసి నడుముకు తొడుక్కోవడం మొదలుపెట్టింది. ఒంటిగంట కావస్తోంది. పని వేళ.

"ఇవాళేనా? ఇంత జరిగాక కూడానా?"

"అద్దాలకు తెలీదుగా నేను ఫెయిలయ్యానని."

తల్లి వెళ్ళిపోవాలి. దుకాణంలో సంచులున్నాయి. పోలేకపోయింది. "ఒక్కసారి ఇక్కడే కూర్చుంటానండీ, అడ్డం రాను," అని పరీక్షాధికారిని అడిగింది. ఆయన మెట్ల గది నీడలో ఒక బకెట్టు బోర్లించి చూపించాడు.

కూతురు తాడు చుట్ట భుజాన వేసుకుని పిట్టగోడ వెంబడి నడుస్తోంది. ఏడో కొక్కెం దాటేసింది.

"అదెక్కడికే! ఏడుకే కట్టుకోరాదూ? దాన్ని కళ్ళారా చూశాం!"

"నా వరస ఎనిమిదమ్మా."

"ఎనిమిది సంగతి ఎవరికి తెలుసు?"

కూతురు వంగి తాడు తగిలిస్తూ, వెనక్కి తిరగకుండానే అంది. "పొద్దున నేను లాగాను."

చెల్లకుండా పోయిన ఆ కాయితంలో ఎనిమిదో గడిలో కూతురు రాసిన మాట ఇంకా అలాగే ఉంది. దానికి జాకీ పెట్టడం ఆవిడ చూడలేదు. ముల్లు గీత దాటడం చూడలేదు. ఈ పిల్ల చెప్పింది, అంతే.

కూతురు పిట్టగోడ మీద కూర్చుని కాళ్ళు అటువైపు వేసింది. ఒకసారి వెనక్కి ఒరిగి తాడు మీద బరువు వేసి చూసుకుంది. తర్వాత తల కనబడలేదు.

తల్లి అంచుదాకా పోయి తొంగిచూడలేదు. చూస్తే తనే పడేలా ఉంది. బకెట్టు మీదినుంచి లేచి, ఎనిమిదో కొక్కేనికి మూరెడు దూరంలో గోడకు వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. తాడు పిట్టగోడ అంచు మీద బిర్రుగా ఉంది. కింద ఎక్కడో రబ్బరు పలక అద్దం మీద కీచుమని జారింది. ఆగింది. ఆవిడ ఊపిరి కూడా ఆగింది. మళ్ళీ కీచుమంది, ఈసారి ఇంకొంచెం కిందినుంచి. ఆవిడ తాడు వైపు చెయ్యి చాపి, తగలకుండానే వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఆగింది. ఇంకా కిందికి చెవి పెట్టి, తర్వాతి చప్పుడు కోసం కూర్చుంది.